ఒకే గాటన కట్టిన మాటలు: జావాలో ఓ ప్లీడరు

బుధవారం, జకార్తా

మా అక్క కూతురు, అల్లుడు జకార్తాలో కాపురముంటున్నారు. కోర్టుకు వేసవి సెలవులిచ్చారని తెలిసి రమ్మని పట్టుబట్టారు. బెజవాడలో క్రిమినల్ కేసులు చూసుకునే ప్లీడర్‌ని కాబట్టి, ఊళ్లో చూడాల్సినవి ఏంటని అల్లుడు అడిగితే నా జాబితా విని తెల్లబోయాడు. అందరూ బాలి అంటారు, మీరేంటి మావయ్యగారూ, నోటి మాట మీద నడిచిన కోర్టు కేసుల చిరునామాలు చెబుతున్నారు అన్నాడు.

మొదట మోనాస్, అంటే ఇక్కడి జాతీయ స్మారక స్తంభం. ఎర్రటెండలో 132 మీటర్ల తెల్లటి స్తంభం, కొసన బంగారు పూత పూసిన జ్వాల, చుట్టూ ఎకరాలకొద్దీ ఖాళీ స్థలం. ఒకవైపు అధ్యక్ష భవనం, మరోవైపు గంబీర్ రైల్వే స్టేషను. 2016 డిసెంబర్ 2 శుక్రవారం నాడు ఈ మైదానం నిండిపోయి జనం చుట్టుపక్కల రోడ్ల మీదే నమాజు చేశారు. వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల కోరిక ఒక్కటే: గవర్నర్‌ను జైల్లో పెట్టాలి.

ఆ జకార్తా గవర్నర్ పేరు బసుకి చహాయా పూర్ణమ, అందరూ పిలిచేది అహోక్ అని. చైనా సంతతి క్రైస్తవుడు, నోటి దురుసు మనిషి. 2016 సెప్టెంబర్‌లో వెయ్యి దీవులనే చోట జాలర్ల మీటింగులో మాట్లాడుతూ, ఖురాన్‌లోని ముస్లిం కానివాణ్ణి నాయకుడిగా ఎన్నుకోవద్దని కొందరు అర్థం చెప్పే అల్ మాయిదా 51వ వచనం చూపించి మిమ్మల్ని మభ్యపెట్టేవాళ్లుంటారు, నాకు ఓటు వెయ్యకపోయినా పరవాలేదు అన్నాడు. ఎన్నికల ముందు ఒక అభ్యర్థి ఆడిన మాట అది. ఆ వీడియోను కత్తిరించి, కింద రాసిన మాటల్లో ఒకటి జారిపోయేలా ఫేస్‌బుక్‌లో పెట్టారు. మభ్యపెడుతున్నది మనుషులు కాదు, ఖురానే అని అతనన్నట్టు తేలింది. ఇక ఊరు ఊరంతా భగ్గుమంది.

మమ్మల్ని మోనాస్ దగ్గర దింపిన డ్రైవరు యాభై దాటినవాడు. అల్లుడు తర్జుమా చేస్తుంటే కబుర్లు చెప్పాడు. ఆ రోజు తానూ వచ్చాడట. ఎవరో డబ్బులిస్తే రాలేదు, మనసు నొచ్చుకుని వచ్చాను, అయిపోయాక మేమే చెత్త కూడా ఏరాం అన్నాడు. అందులో గర్వం ఉంది, ఉండాల్సిందే. అంతమంది చేరినా ఆ రోజు గొడవ జరగలేదు. అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో వానలో గొడుగు పట్టుకుని నడిచొచ్చి వాళ్లతో కలిసి నమాజు చేశాడు. మరి అహోక్ పాలన ఎలా ఉండేదని అడిగితే డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి, మా సందులోకి వరద నీళ్లు రావడం తగ్గింది అన్నాడు. ఓటు మాత్రం అవతలివాడికే వేశాడట.

అహోక్ 2017 ఏప్రిల్‌లో ఎన్నిక ఓడిపోయాడు. మే 9న కోర్టు రెండేళ్లు జైలు వేసింది. ప్రాసిక్యూషనేమో ప్రొబేషన్ చాలు, జైలు అక్కర్లేదు అనడిగింది. ప్రాసిక్యూటర్ అడిగినదానికి మించి జడ్జీలు వడ్డించడం నా సర్వీసులో నేను చూసింది చాలా తక్కువ. వీధిలో అంతమంది నిలబడి ఉంటే బెంచీ మీద కూర్చున్నవాళ్ల చెవిన ఆ హోరు పడకుండా ఎలా ఉంటుంది? అహోక్‌కు వ్యతిరేకంగా మతపరమైన అభిప్రాయం ఇచ్చిన ఉలేమా మండలి అధ్యక్షుడు మారుఫ్ అమీన్, ఆ కేసులో సాక్షిగా కూడా బోనెక్కాడు. 2019లో ఆయన ఉపాధ్యక్షుడయ్యాడు. పదవిచ్చిందెవరు? గొడుగు పట్టుకొచ్చిన జోకో విడోడోనే.

ఇదే మైదానంలో ఇంకో రోజు కూడా ఉంది. 2008 జూన్ 1న, చాలామంది ముస్లింలు తమవాళ్లుగా ఒప్పుకోని అహ్మదీయ శాఖ వాళ్లకు అండగా మతస్వేచ్ఛ కోరుతూ కొందరు ఇక్కడ చేరితే, ఇస్లామిక్ డిఫెండర్స్ ఫ్రంట్ అనే సంస్థ మనుషులు వెదురు కర్రలతో వచ్చి కొట్టారు. దాని నాయకుడు రిజిక్ షిహాబ్‌కు ఏడాదిన్నర జైలు పడింది, నిజమే. కానీ కొట్లాట జరిగిన పది రోజుల్లోపే ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చింది: అహ్మదీయులు తమ మతాన్ని ప్రచారం చేసుకోకూడదని. దెబ్బలు తిన్నవాళ్ల తరఫు నోరే మూయించారన్నమాట. 2011లో చికేసిక్ ఊళ్లో గుంపు ముగ్గురు అహ్మదీయుల్ని చంపితే ముద్దాయిలకు పడింది మూడు నుంచి ఆరు నెలలు. ప్రాణాలతో బయటపడ్డ అహ్మదీయుడొకరికీ ఆరు నెలలే పడింది.

గురువారం

సాయంత్రం నాలుగింటికి అధ్యక్ష భవనం ఎదురుగా నల్ల గొడుగులు విప్పుకుంటాయి. దీన్ని కమిసాన్ అంటారు, గురువారపు నిరసన అని అర్థం. 2007 జనవరి 18న మొదలైంది. 1998 నవంబర్‌లో సైనికుల కాల్పుల్లో కొడుకును పోగొట్టుకున్న సుమర్సిహ్ అనే తల్లి, 2004లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణంలో ఆర్సెనిక్ విషం పెట్టి చంపేసిన హక్కుల కార్యకర్త మునీర్ భార్య సుచివాతి, ఇంకా కొందరు బాధితులు కలిసి మొదలుపెట్టారు.

నేను వెళ్లేసరికి వందమంది లోపే ఉన్నారు, ఎక్కువమంది కాలేజీ పిల్లలు. నల్ల టీషర్టులు. గొడుగుల మీద తెల్ల రంగుతో కేసుల పేర్లు. కాసేపు మౌనంగా నిలబడి, తర్వాత మైకు అందుకుని ఒక్కొక్కరూ మాట్లాడతారు. పోలీసులు పక్కనే చెట్టు నీడన సీసాల్లో టీ తాగుతున్నారు. నినాదం ఏదైనా పెద్దగా వినిపిస్తే ఒకాయన తలెత్తి చూసి మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయాడు. మా ఊళ్లో ధర్నా చౌక్ డ్యూటీకి వచ్చిన కానిస్టేబుల్ మొహం ఆయనకూ ఉంది.

తలకు హిజాబ్ చుట్టుకున్న ఒక అమ్మాయి చేతిలో గొడుగు మీద కిలోమీటర్ 50 అని రాసి ఉంది. ఎందుకని అడిగాను. 2020 డిసెంబర్ 7న టోల్ రోడ్డు మీద 50వ కిలోమీటరు దగ్గర పోలీసులు ఆరుగురిని కాల్చేశారు. వాళ్లు ఎవరు? రిజిక్ షిహాబ్ అంగరక్షకులు. నిన్న చెప్పానే, మోనాస్ దగ్గర కర్రలతో కొట్టించిన సంస్థ, ఆ సంస్థ మనుషులే. ఆరుగురిలో నలుగురి చావు చట్టవిరుద్ధ హత్యలని దేశ మానవ హక్కుల కమిషనే తేల్చింది.

వాళ్ల భావాలు నీకు నచ్చుతాయా అమ్మా అన్నాను. అస్సలు నచ్చవు అంకుల్ అంది. వాళ్లకు నాలాంటి ఆడపిల్ల ఇలా రోడ్డు మీద నిలబడటమే ఇష్టం లేదు అంది. మళ్లీ గొడుగు సరిచేసుకుంది.

సీనియర్ల దగ్గర విన్నదానికన్నా ఆ అమ్మాయి దగ్గర నాకు ఎక్కువ న్యాయశాస్త్రం దొరికింది.

రిజిక్ కథ ఎలా ముగిసిందో చెప్పాలి. అహోక్ వ్యతిరేక ఉద్యమంలో మైకు ముందు నిలబడ్డది ఆయనే. కేసులు పెట్టగానే 2017లో మక్కా వెళ్లిపోయి, 2020 నవంబర్‌లో తిరిగొచ్చాడు. వచ్చీరాగానే కోవిడ్ కాలంలో వేలమందిని పోగేశాడు. డిసెంబర్ 30న ప్రభుత్వం ఆ సంస్థనే నిషేధించింది. ఆయన్ను జైల్లో వేసింది మాత్రం ఏ విద్వేష ప్రసంగానికో కాదు, కోవిడ్ టెస్టు ఫలితం గురించి అబద్ధం చెప్పినందుకూ, జనాన్ని పోగేసినందుకూ. కింది కోర్టు నాలుగేళ్లు వేస్తే సుప్రీంకోర్టు రెండుకు తగ్గించింది. ఇరవై ఏళ్లపాటు మైకులో నిప్పులు కక్కిన మనిషిని చివరికి ముక్కులో పెట్టే పుల్ల పట్టించింది.

ఇక్కడివాళ్లు నవ్వుకుంటూ చెప్పే సంగతే గానీ నాకు నవ్వు రాలేదు. ఈసారి ఎవడు ఏ మాటతో ఎవరి మీద దాడికి ఉసిగొల్పాడో సాక్ష్యాలతో నిరూపించే పని ఎవరూ చెయ్యలేదు. మెడ దొరికిన చోట పట్టుకున్నారు, అంతే.

శుక్రవారం

పొద్దున్నే సరీనా మాల్ మీదుగా వెళ్లాం. 2016 జనవరిలో ఐసిస్ అభిమానులు బాంబులు, తుపాకులతో దాడి చేసిన కూడలి ఇదే. ఇప్పుడు అక్కడ కాఫీ కోసం క్యూలు. ఆ దాడికి ప్రేరణ జైల్లో కూర్చుని ఇచ్చాడని అమాన్ అబ్దుర్రహమాన్ అనే బోధకుడికి 2018 జూన్‌లో మరణశిక్ష వేశారు. మరణశిక్షను నేను ఒప్పుకోను. కానీ కేసు కట్టిన తీరు చూస్తే మాత్రం, ఫలానా మాటలు, ఫలానా మనుషులు, ఫలానా దాడి అని గొలుసు చూపించే ప్రయత్నం అక్కడ ఉంది. అహోక్ కేసులో అలాంటి గొలుసే లేదు. అతని మాట విని ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

జుమ్మా నమాజు ముగిశాక ఇస్తిఖ్లాల్ మసీదు చూశాం. ఆగ్నేయాసియాలోకెల్లా పెద్దది. డిజైన్ చేసినవాడు ఫ్రెడరిక్ సిలాబన్, ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. రోడ్డుకు అవతల కేథడ్రల్. రెంటినీ కలుపుతూ రోడ్డు కింద స్నేహ సొరంగం కట్టి 2024 డిసెంబర్‌లో ప్రారంభించారు. పాలరాయి నేల చల్లగా, గుమ్మటం కింద పిల్లలు జారుడాట ఆడుకుంటుంటే ఎవరూ గదమాయించడం లేదు. లోపల నాకు చాలా హాయిగా అనిపించింది, ఆ మాట రాయకపోతే తప్పవుతుంది.

బయటికొచ్చాక మేనకోడలు చెప్పింది, మైకు సౌండు ఎక్కువైందని మా అపార్ట్‌మెంట్లో ఎవరూ పైకి అనరు మావయ్యా, మైలియానా కేసు అందరికీ గుర్తుంది అని. సుమత్రాలోని తంజుంగ్ బలాయ్‌లో ఆవిడ, చైనా సంతతి బౌద్ధురాలు, అజాన్ మైకు సౌండు కాస్త తగ్గించమని పొరుగావిడతో అంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి 2016 జూలైలో గుంపులు బౌద్ధాలయాలు తగలబెట్టాయి. తగలబెట్టినవాళ్లకు కొద్ది నెలలు పడితే, మాట అన్నందుకు 2018లో ఆవిడకు పద్దెనిమిది నెలలు పడింది. ఇది తప్పుడు తీర్పు, సౌండు ఎక్కువైందనడం దైవదూషణ ఎలా అవుతుందని గట్టిగా అడిగింది ఎవరో కాదు, దేశంలోనే అతి పెద్ద ముస్లిం సంస్థ నహ్దలతుల్ ఉలమా నాయకులే. ముస్లిం సమాజం అనగానే ఒకే గొంతు ఊహించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

శనివారం

రోజంతా రైలే. గంబీర్‌లో ఎక్కితే యోగ్యకర్త దాకా కిటికీ నిండా వరిచేలు, కొబ్బరి చెట్లు, దూరంగా అగ్నిపర్వతాలు. తాడేపల్లిగూడెం దగ్గర రైలు ఆగినట్టే ఉంది చాలాచోట్ల. రాత్రి గుడెగ్ తిన్నాను. పనసకాయ కూరే, కాని బెల్లం పాకంలో వేసినట్టు తియ్యగా ఉంది. మనవాళ్ల పనసపొట్టు ఆవపెట్టిన కూర వీళ్లకు ఎవరైనా తినిపించాలి.

ఆదివారం, సోలో

యోగ్యకర్త నుంచి లోకల్ రైల్లో గంట ప్రయాణం, ఎనిమిది వేల రూపయ్యాలు. అంటే మన డబ్బుల్లో యాభైకి లోపే.

సోలో బాతిక్ వస్త్రాల ఊరు. లవేయాన్ పేట సందుల్లో ఎత్తైన గోడల మధ్య నడుస్తుంటే మైనం వాసన. ఒక దుకాణంలో పెద్దావిడ రాగి కొస ఉన్న చిన్న కలంతో వేడి మైనం తీసి గుడ్డ మీద పువ్వు గీస్తోంది, మధ్యమధ్యలో కొసను నోటితో ఊదుకుంటోంది. చుక్క జారితే గుడ్డ పాడైనట్టే కాబట్టి ఎవరితోనూ మాట్లాడదు. కాళహస్తి కలంకారీ పనివాళ్ల చేతులు గుర్తొచ్చాయి.

అహోక్ గొడవ ఏదో ఫేస్‌బుక్ కాలపు రోగం అనుకునేవాళ్లు ఈ ఊరి చరిత్ర చూడాలి. 1918 జనవరిలో ఇక్కడి జావీ హిస్వోరో అనే పత్రికలో ప్రవక్త మద్యం, నల్లమందు తీసుకునేవాడన్నట్టు ఒక రాత వచ్చింది. దేశమంతా అట్టుడికింది. సారెకత్ ఇస్లాం అనే ముస్లిం సంఘం నాయకుడు చోక్రోఅమినోటో, ప్రవక్త సేన అని ఒకదాన్ని పెట్టి ఊరూరా సభలు పెట్టించాడు. రాజకీయ పలుకుబడి పెరిగింది, చందాలు పోగయ్యాయి, కొన్నాళ్లకు చల్లారింది. అంటే నిజంగా నొచ్చుకున్న జనం ఒకవైపు, ఆ నొప్పిని పోగేసి బలం చేసుకునే నాయకుడు మరోవైపు. ఈ అమరిక నూరేళ్ల నాడే తయారై ఉంది.

మధ్యాహ్నం ఊరి శివార్లలో న్గ్రుకి వెళ్లాం. అక్కడ 1972లో అబ్దుల్లా సుంకర్, అబూ బకర్ బషీర్ పెట్టిన అల్ ముక్మిన్ గురుకులం ఉంది. లోపలికి వెళ్లే ఉద్దేశం లేదు. గేటుకు ఎదురుగా ఉన్న బడ్డీకొట్లో టీ తీసుకుని కూర్చున్నాం. తెల్ల టోపీల కుర్రాళ్లు బయటికొచ్చి వేయించిన అరటికాయలు కొనుక్కుంటున్నారు, చిల్లర కోసం ఒకడి జేబులు ఒకడు తడుముకుంటున్నారు. హాస్టల్ పిల్లలు ఎక్కడైనా అంతే.

బషీర్‌ను నియంత సుహార్తో కాలంలో 1978లో పట్టుకున్నారు. బాంబులు పెట్టాడని కాదు, రాజ్యాంగ సిద్ధాంతం పంచశీలను ఒప్పుకోనని, జెండాకు మొక్కనని ప్రచారం చేసినందుకు. శిక్ష భయంతో 1985లో మలేషియా పారిపోయాడు. అక్కడే సుంకర్‌తో కలిసి జెమా ఇస్లామియా అనే ఉగ్రవాద సంస్థ తయారైంది. మాట్లాడనివ్వకపోతే భూగర్భంలోకి వెళ్లి బాంబులు చుడతారు, మాట్లాడనిస్తే ఆవిరి బయటికి పోతుంది అని వాక్ స్వాతంత్ర్యవాదులం వాదిస్తుంటాం. ఈ గేటు ముందు కూర్చుంటే ఆ వాదన సగమే నిలబడుతుంది. 1998లో సుహార్తో పడిపోయాక ఆంక్షలు పోయాయి, బషీర్ తిరిగొచ్చి స్వేచ్ఛగా మైకు పట్టుకున్నాడు. బాంబులు పేలింది ఆ స్వేచ్ఛా కాలంలోనే: 2002 అక్టోబర్ 12న బాలిలో 202 మంది చనిపోయారు. ఆ కేసులో కాల్చి మరణశిక్ష అమలు చేసిన ముగ్గురిలో ఒకడైన ముఖ్లస్ ఈ గురుకులంలోనే చదివాడు.

మరి గురువుగారి మాటకూ బాంబుకూ లంకె ఎలా రుజువు చేస్తారు? బాలి కుట్రలో బషీర్‌కు 2005లో రెండున్నరేళ్లు పడింది, 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి ఆయన్ను గట్టిగా పట్టుకున్నది 2011లో, ఆచేలో సాయుధ శిక్షణ శిబిరానికి డబ్బు సమకూర్చిన కేసులో. పదిహేనేళ్లు వేశారు, 2021 జనవరిలో వదిలారు. ఉపన్యాసం కన్నా డబ్బు జాడ మంచి సాక్ష్యం. ఆ మాట ఏ ప్లీడరైనా ఒప్పుకుంటాడు.

కొట్టు యజమానిని బషీర్ గురించి కదిపితే, ముసలాయన అయిపోయాడు అని మాత్రం అన్నాడు. తర్వాత తనంతట తానే ఫోన్ తీసి ఫోటో చూపించాడు. 2022 ఆగస్టు 17న ఈ గురుకులం ఆవరణలో స్వాతంత్ర్య దిన జెండా ఎగరేశారు, మంత్రి వచ్చాడు, బషీర్ ముందు వరసలో కుర్చీలో ఉన్నాడు. అదే నెలలో ఆయన పంచశీల ఇస్లాంకు విరుద్ధం కాదని కూడా అన్నాడు. నిజంగా మనసు మారిందో, ఎనభై నాలుగేళ్ల వయసులో అలసిపోయాడో. జెమా ఇస్లామియా నాయకులు కూడా 2024లో తమ సంస్థను రద్దు చేసుకుంటున్నామని ప్రకటించారు.

సోమవారం, యోగ్యకర్త

అల్లుడి సహోద్యోగి తమ్ముడు గజమద యూనివర్సిటీలో లా చదువుతున్నాడు. సాయంత్రం రోడ్డు పక్కన తోపుడుబండి దగ్గర చాప మీద కూర్చుని గుప్పెడన్నం పొట్లాలు విప్పుకుంటూ మాట్లాడుకున్నాం. వయసులో పెద్దవాణ్ణని నన్ను బపక్ అని పిలుస్తూ, ఏది తీసుకున్నా రెండు చేతులతో తీసుకుంటున్నాడు.

అహోక్‌ను జైలుకు పంపిన దైవదూషణ సెక్షను 156ఎ ఎక్కడిదని అడిగాను. 1965లో సుకర్నో ఒక అధ్యక్ష ఉత్తర్వుతో పెట్టించాడు, ఐదేళ్ల దాకా వెయ్యొచ్చని ఉండేది. దాన్ని కొట్టెయ్యమని కోర్టుకెళ్లినవాళ్లలో మాజీ అధ్యక్షుడు అబ్దుర్రహమాన్ వాహిద్ ఉన్నాడు. నహ్దలతుల్ ఉలమాను స్థాపించినవాడి మనవడు, స్వయంగా ఉలేమా. దేవుడికి మన రక్షణ అక్కర్లేదని వాదించే మనిషి. తీర్పు రాకముందే కన్నుమూశాడు. 2010లో రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా ఆ చట్టాన్ని నిలబెట్టింది. చట్టం లేకపోతే జనమే చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటారన్నది కోర్టు భయం. చట్టం ఉంది, జనం తీసుకోవడమూ మానలేదు, ఇద్దరూ ఒకరికొకరు తోడయ్యారు అన్నాడు కుర్రాడు.

ఖిలాఫత్ కావాలనే హిజ్బుత్ తహ్రీర్ శాఖను 2017 జూలైలో నిషేధించినప్పుడు వీడి క్లాసులో రెండు వర్గాలయ్యాయట. ఆయుధాలు పట్టని సంస్థే గానీ, ప్రజాస్వామ్యమే వద్దంటుంది. 2007లో జకార్తా స్టేడియం నింపి సభ పెట్టింది. నిషేధం ఎలా జరిగిందంటే, ముందు కోర్టులో తేల్చాలన్న నియమాన్ని ఒక అత్యవసర ఆర్డినెన్సుతో తీసేసి, తొమ్మిది రోజుల్లో రద్దు చేసేశారు. నేను వాళ్లను ద్వేషిస్తాను బపక్, కానీ అదే ఆర్డినెన్సు రేపు మా విద్యార్థి సంఘం మీదికి వస్తుంది అన్నాడు. కమ్యూనిస్టు భావాలు ప్రచారం చేయడం ఇక్కడ 1966 నుంచే నేరం కాబట్టి అది ఊరికే భయపడటం కాదు.

ప్రభుత్వం మీద విద్వేషం రేపడం అనే పాత సెక్షన్లు 2007 దాకా వీళ్లకూ ఉండేవి. డచ్చివాళ్లు తెచ్చారు. ఎక్కడినుంచి తెచ్చారో, 2007లో రాజ్యాంగ న్యాయస్థానం వాటిని కొట్టేసిన తీర్పులోనే రాశారని చెప్పాడు: బ్రిటిష్ ఇండియా శిక్షాస్మృతి, 124ఎ. నేను అన్నం పొట్లం పక్కన పెట్టేశాను. ఆ సెక్షను కిందే కదా 1908లో మా బెజవాడ స్వరాజ్య పత్రిక ఎడిటర్ గాడిచర్ల హరిసర్వోత్తమరావును వేలూరు జైలుకు పంపింది! ఆయన కథ చెబితే కుర్రాడు పేరు రెండుసార్లు పలికించుకుని, మూడోసారి తప్పుగా పలికాడు.

కొత్త శిక్షాస్మృతి 2026 జనవరి 2న అమల్లోకి వచ్చింది. 156ఎ పోయింది, దాని చోట 300 వచ్చింది, గరిష్ఠం మూడేళ్లు. బాగైందా అంటే చెయ్యి అటూ ఇటూ ఊపాడు. ఒక మతం మీద విద్వేషం వెళ్లగక్కడం, ఆ మతంవాళ్ల మీద హింసకు ఉసిగొల్పడం, రెండూ ఆ ఒక్క సెక్షన్లోనే ఉన్నాయి, శిక్షా ఒకటే. తిట్టినవాణ్ణీ కొట్టమన్నవాణ్ణీ మళ్లీ ఒకే గాటన కట్టారు. అప్పుడు పోలీసు ఎవరిని పట్టుకుంటాడు? తేలిగ్గా దొరికేవాణ్ణి, వెనకాల జనం లేనివాణ్ణి.

మీ దేశంలో ఎలా ఉంటుంది బపక్ అని అడిగాడు. లాహోర్‌లో ప్రవక్త మీద వచ్చిన ఒక కరపత్రం గొడవతో పుట్టిన, మత మనోభావాలు దెబ్బతీయడం నేరమనే 295ఎ గురించి చెప్పాను. 2007లో హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ మీద ఎమ్మెల్యేలే దాడి చేసిన సంగతీ, అన్ని మతాలవాళ్లూ ఆ సెక్షను పట్టుకుని కమెడియన్ల మీదా కార్టూనిస్టుల మీదా స్టేషన్ మెట్లెక్కే సంగతీ చెప్పాను. ఇప్పుడు కొత్త స్మృతిలో దాని నంబరు 299 అన్నాను.

మాది 300, పక్కపక్క ఇళ్లే అని నవ్వి, మీ దాంట్లో ఉద్దేశపూర్వకంగా అనే మాట ఉందా అనడిగాడు. ఉంది, ద్వేషబుద్ధితో అని కూడా ఉంది అన్నాను. మరి దాన్ని ఎవరు రుజువు చెయ్యాలి? ప్రాసిక్యూషనే. చేస్తారా? చార్జిషీటు దాకా వెళ్లేవే తక్కువ, అప్పటికే మనిషి జైల్లో కొన్ని వారాలు గడిపేస్తాడు అన్నాను. నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు, బెయిలు ఎన్ని రోజులకిస్తారు, పై కోర్టుకెంత ఖర్చవుతుంది, అని ఒక్కోటీ అడుగుతూ. బండివాడు కొట్టు కట్టేస్తున్నానన్నా వీడి ప్రశ్నలు అవలేదు. రేపు పొద్దున విమానం ఉంది, మిగతావి ఫోన్లో అడుగు నాయనా అని నంబరిచ్చాను.